పర్మిషన్ లెటర్ మీ చేతిలో ఉంది, పరీక్ష గదిలోకి వచ్చిందా?

ఈ నెల ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం మీద వచ్చాయి: చదువు అయ్యాక, ఉద్యోగంలో చేరాక రాసే వృత్తి పరీక్షలు, సర్టిఫికేషన్లు. చూపు లేనివాళ్ళు, చూపు తక్కువగా ఉన్నవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు రాశారు. డిగ్రీ దాకా లెక్చరర్లో స్నేహితులో తోడున్నారు, ఇక్కడికొచ్చేసరికి ఎవర్ని అడగాలో తెలియడం లేదని దాదాపు అందరూ అన్నారు. నెల్లూరులో బ్యాంకు ఉద్యోగం చేస్తూ, చూపు తగ్గిపోతున్న కాలంలోనే ఈ పరీక్షలు రాసి పాసయ్యాను కాబట్టి, ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. పేర్లు వేయొద్దన్నవాళ్ళే ఎక్కువ, అందుకని ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్ళు. కావలిలో ఒక బ్యాంకులో క్లర్కుని. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు, వైకల్యం సర్టిఫికెట్‌లో 70 శాతం ఉంది. బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ పరీక్ష రాద్దామనుకుంటున్నా. మా మేనేజర్ గారితో చెబితే "అది కంపల్సరీ ఏం కాదు కదమ్మా, నీకెందుకు ఆ టెన్షన్" అన్నారు. స్క్రైబ్‌ని, అంటే ప్రశ్న చదివి వినిపించి నేను చెప్పిన జవాబు పెట్టే మనిషిని పెట్టుకోవడం మంచిదా, అక్షరాలు పెద్దవి చేసుకుని నేనే రాసుకోవడం మంచిదా? మా చెల్లెలు బీకాం పాసైంది, తను వస్తానంటోంది. అకౌంట్స్ పేపర్ తలుచుకుంటే మాత్రం గుండె దడ.

జవాబు: అక్కా అన్నావు కాబట్టి చనువుగా నువ్వు అనే అంటాను. రాయమ్మా. మీ మేనేజర్ గారు మంచి మనసుతోనే అని ఉంటారు. అయినా ఆ మాట నాకు నచ్చలేదు. పక్క కౌంటర్లో పనిచేసే అబ్బాయి జేఏఐఐబీ పాసై ఇంక్రిమెంట్ తెచ్చుకుంటే అందరూ స్వీట్లు అడుగుతారు. నీ దగ్గరికి వచ్చేసరికి అదే పరీక్ష అనవసరమైన టెన్షన్ అయిపోతుందా?

ముందు నీకు హక్కుగా వచ్చేవి చెబుతాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద, 2018 ఆగస్టు 29న కేంద్ర ప్రభుత్వం రాత పరీక్షల మార్గదర్శకాలు ఇచ్చింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళకి వాటి ప్రకారం గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలి. జేఏఐఐబీలో ఒక్కో పేపరు రెండు గంటలు కాబట్టి నీకు 2 గంటల 40 నిమిషాలు. స్క్రైబ్ లేకుండా నువ్వే రాసుకున్నా ఆ లెక్కన అదనపు సమయం అడగొచ్చు. స్క్రైబ్‌ని తెచ్చుకున్నవాళ్ళకే టైమ్ ఇస్తారని చాలామంది అనుకుంటారు, సెంటర్లో పనిచేసేవాళ్ళు కూడా అలాగే అనుకుంటారు.

స్క్రైబా, పెద్ద అక్షరాలా అని అడిగావు. నీ జబ్బే నాది కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతున్నా: స్క్రైబ్‌ని పెట్టుకో. మనకి చూపు చుట్టూతా మూసుకుపోయి మధ్యలో కొంచెమే మిగులుతుంది. అక్షరం పెద్దది చేసేకొద్దీ ఆ కొంచెంలో పట్టే మాటలు తగ్గిపోతాయి. ప్రశ్న చదివి ఆప్షన్ల కోసం వెతుక్కుంటూ కిందికి పోయేసరికి ప్రశ్న మొదలు మరిచిపోతాం. గడియారం స్క్రీన్‌లో ఏ మూల ఉందో కూడా కనబడదు. తెలుగు కథ చదువుకోవడానికి మాగ్నిఫయర్ హాయిగా ఉంటుంది గానీ, రెండు గంటల్లో వంద ప్రశ్నలు తేల్చాలంటే కళ్ళు మంటెక్కిపోతాయి.

పైగా మాగ్నిఫయర్ పనిచేస్తుందన్న నమ్మకం కూడా లేదు. ఒకసారి నేను పెద్ద అక్షరాలకి పర్మిషన్ తీసుకుని, ఆ మెయిల్ ప్రింటు పట్టుకుని ఒక ఇంజనీరింగ్ కాలేజీ సెంటర్‌కి వెళ్ళాను. పరీక్ష సాఫ్ట్‌వేర్ తెరిచీ తెరవగానే స్క్రీన్ మొత్తం అది ఆక్రమించేసింది, విండోస్ మాగ్నిఫయర్ కీలు నొక్కితే చలనం లేదు. ఇన్విజిలేటర్‌గా ఉన్న కుర్రాడు మర్యాదస్తుడే. "మేడమ్, ఫాంట్ పెంచే ఆప్షన్ మా చేతుల్లో ఉండదు, సర్వర్ నుంచి రావాలి" అన్నాడు. అతను ఫోన్లు చేస్తున్నంతసేపూ పైన గడియారం తిరుగుతూనే ఉంది. దగ్గరికి వంగి చూస్తే అందులో ఉన్నది రెండు గంటలే, నాకు రావలసిన 40 నిమిషాలు అసలు ఎక్కించనే లేదు. పర్మిషన్ ఇచ్చిన ఆఫీసు, సాఫ్ట్‌వేర్ నడిపే కంపెనీ, గది అద్దెకిచ్చిన కాలేజీ, ఈ ముగ్గురి మధ్యా నా కాగితం ఎక్కడో ఆగిపోయింది. నేను వదల్లేదు. జరిగింది అక్కడి రిజిస్టర్‌లో టైముతో సహా రాయించి, కింద సంతకం పెట్టాకే పరీక్ష మొదలుపెట్టాను. అదనపు సమయం ఆ తర్వాత వచ్చింది.

అందుకని నీకు చెప్పేది ఇదీ. 2018 మార్గదర్శకాల్లో, కంప్యూటర్ మీద రాసేవాళ్ళకి ఒకరోజు ముందే ఆ కంప్యూటర్ని చూసుకునే అవకాశం ఇవ్వాలని ఉంది. ఈ మాట ఎవరూ తమంతట తాము చెప్పరు, నువ్వే అడగాలి. దరఖాస్తులో స్క్రైబ్ గడి టిక్ పెట్టి ఊరుకోకుండా విడిగా మెయిల్ పెట్టు. అదనపు సమయం నా లాగిన్‌లో ముందే ఎక్కించాలి, స్క్రైబ్ గట్టిగా చదువుతారు కాబట్టి విడి గది కావాలి, ముందురోజు సిస్టమ్ చూసుకుంటాను, గది వీలైతే కింది అంతస్తులో ఇవ్వండి అని రాయి. జవాబు వచ్చాక దాన్ని సెంటర్ సూపరింటెండెంట్‌కి కూడా పంపించమని అడుగు. కాగితం ఆగిపోయేది ఆ చివరి అడుగులోనే.

ఇక మీ చెల్లెలి సంగతి. సొంత స్క్రైబ్ అయితే అభ్యర్థి కంటే చదువులో ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018 మార్గదర్శకాల్లో పెట్టారు. నువ్వు డిగ్రీ, తనూ డిగ్రీ, ఆ లెక్కన కుదరదు. ఈ అర్హత మీద నిబంధనలు మారుతూ ఉన్నాయి, ఈ విడతకి పరీక్ష పెట్టే సంస్థ ఇచ్చిన నోటీసు చదివాకే మనిషిని ఖాయం చేసుకో. బ్యాంకులో పనిచేసేవాళ్ళని మాత్రం తీసుకెళ్ళొద్దు. మీ ఊళ్ళో జవహర్ భారతి ఉంది కదా, అక్కడ లెక్చరర్లనెవరినైనా కలిసి అడుగు. నెలన్నర ముందే అడిగితే నోటీసుకి సరిపోయే పిల్లలు దొరుకుతారు. ఆఖరి వారంలో వెతికితే వాళ్ళ సెమిస్టర్ పరీక్షలు అడ్డమొస్తాయి.

దొరికిన అమ్మాయితో కూర్చుని సాధన చెయ్యి. అకౌంట్స్ పేపర్లో దడ అంతా అక్కడే తగ్గుతుంది. బ్యాలెన్స్ షీటులో నష్టాన్ని బ్రాకెట్లో వేస్తారు. చదివే పిల్లకి ఆ సంగతి తెలియకపోతే "పన్నెండు వేల అయిదొందలు" అని చదివి పోతుంది, నువ్వు లాభం అనుకుని కూడేస్తావు. "బ్రాకెట్లో పన్నెండు వేల అయిదొందలు" అని చదవడం అలవాటు చెయ్యి. వడ్డీ సూత్రంలో పైన చిన్నగా వేసే ఎన్ ఉంటుంది, దాన్ని మామూలు ఎన్ లాగా చదివితే లెక్క మొత్తం పోతుంది, "పవర్ ఎన్" అనాలి. పట్టిక వస్తే ముందు హెడింగులు అన్నీ చదవమను, ఎన్ని వరుసలున్నాయో చెప్పమను, ఆ తర్వాత నీకు కావలసిన గడి నువ్వే అడుగు: "మూడో వరుస, రెండో కాలమ్" అని. ఇక "కింది వాటిలో సరికానిది ఏది" అనే రకం ప్రశ్నల్లో ఆ నాట్ అనే మాట హడావుడిలో మింగేస్తారు. ప్రతి ప్రశ్నకీ నాట్ ఉందా లేదా అని అడగడానికి మొహమాటపడకు. మాట్లాడే కాలిక్యులేటర్ అడిగే హక్కు కూడా ఉంది, దానికి వేరే పర్మిషన్ ముందే రాయించుకో.

పుస్తకాలు స్కాన్ చేసి ఫోన్‌తో చదివించుకుంటే కాపీరైట్ గొడవ అవుతుందేమోనని కొందరు జంకుతారు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, మనం చదవగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవచ్చని రాశారు. ఆ రూపంలో సిద్ధంగా ఉన్న పుస్తకాలు సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో దొరుకుతాయి, అందులో సభ్యత్వం తీసుకో.

ఇంకొక్కటి. మనకి రేచీకటి కూడా ఉంటుంది కాబట్టి, అడిగే వీలుంటే పొద్దుటి బ్యాచ్ అడుగు. సాయంత్రం పరీక్ష అయ్యాక నెల్లూరు స్టేషన్లో చీకట్లో ప్లాట్‌ఫామ్ మీద నడవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎండలోంచి ఒక్కసారి హాల్లోకి అడుగుపెడితే కాసేపు మనకి ఏమీ కనబడదు. ఆ కాసేపటినీ లెక్కలో పెట్టుకుని ముందే లోపలికి వెళ్ళి కూర్చో.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర. మా వాడికి పుట్టుకతోనే చూపు లేదు. బీసీఏ పాసయ్యాడు. స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పెట్టుకుని కంప్యూటర్ మీద చకచకా పనిచేస్తాడు. ఒక క్లౌడ్ సర్టిఫికేషన్ ఇంటి నుంచే రాసుకోవచ్చంటే ఫీజు కట్టాం. పరీక్ష మొదలయ్యే ముందు వాడి ఎన్‌వీడీఏ ఆపేయమన్నారు. హెడ్‌ఫోన్ తీసెయ్యమన్నారు. స్క్రీన్ వైపు చూడమన్నారు. ఆ తర్వాత పరీక్ష రద్దు చేసేశారు. మావాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మళ్ళీ ఫీజు కట్టాలా, వదిలేయాలా?

జవాబు: అయ్యా, వదిలేయకండి. మళ్ళీ కట్టేముందు మాత్రం కొంచెం ఆగండి.

ఇంటి నుంచి రాసే పరీక్షలో కాపీ కొట్టకుండా ఒక తాళం వేసిన బ్రౌజర్ పెడతారు. అది తెరిచాక కంప్యూటర్‌లో ఇంకే ప్రోగ్రామూ నడవకూడదు. దాని దృష్టిలో ఎన్‌వీడీఏ కూడా ఇంకో ప్రోగ్రామే. చెవిలో ఏదైనా ఉంటే ఎవరో జవాబులు చెబుతున్నారనుకుంటారు, కళ్ళు పక్కకి పోతే పక్కన కాగితం ఉందనుకుంటారు. మీ అబ్బాయికి స్క్రీన్ అంటే చెవిలో వినబడే గొంతే అన్న సంగతి ఆ ఏర్పాటు చేసినవాళ్ళు ఆలోచించలేదు. మీవాడు ఏ తప్పూ చేయలేదు, ముందు ఈ మాట వాడికి చెప్పండి.

బ్యాంకు కేవైసీలో కెమెరా ముందు కన్ను ఆర్పమని అడగడం మీద ఇలాంటి గొడవే సుప్రీంకోర్టు దాకా పోయింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్ళు వేసిన కేసులో 2025 ఏప్రిల్ 30న తీర్పు వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. ఆ తీర్పు కేవైసీ గురించి. మీ ఉత్తరంలో దాన్ని ఉదహరించడానికి ఏ అడ్డూ లేదు.

ఇప్పుడు చేయాల్సింది. తేదీ బుక్ చేయకముందే ఆ సర్టిఫికేషన్ ఇచ్చే కంపెనీకి వసతుల కోసం దరఖాస్తు పెట్టండి. పియర్సన్ వ్యూ లాంటి సంస్థలు నడిపే పరీక్షల్లో ముందు ఈ అనుమతి వచ్చాక తేదీ తీసుకోవాలి, తేదీ తీసుకున్నాక అడిగితే లాభం లేదు. దివ్యాంగులకిచ్చే గుర్తింపు కార్డు యూడీఐడీ, ఇంగ్లీషులో డాక్టర్ ఉత్తరం జతచేయండి. ఉత్తరంలో చూపు లేదు అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. స్క్రీన్ రీడర్ కావాలి, అది వినడానికి హెడ్‌ఫోన్ కావాలి, కళ్ళు కెమెరా వైపు నిలవవు, అదనపు సమయం కావాలి, ఇవన్నీ ఒక్కొక్కటిగా రాయించండి. బొమ్మలో సరైన చోట క్లిక్ చేయమనే ప్రశ్నలు, మౌస్‌తో లాగి పెట్టమనే ప్రశ్నలు ఉంటే వాటికి బదులు ఏమిస్తారో కూడా అడగండి. స్క్రీన్ రీడర్ ఉన్నా వాటిని చేయలేడు, అక్కడే మార్కులు పోతాయి. మైక్రోసాఫ్ట్ సర్టిఫికేషన్ అయితే ఆ పరీక్ష స్క్రీన్ ఎలా ఉంటుందో చూపే శాండ్‌బాక్స్ ఉచితంగా ఉంది. ఫీజు కట్టకముందే ఎన్‌వీడీఏతో అందులో తిరిగి చూసి, ఏ బటన్ పేరు పలకడం లేదో రాసి పెట్టుకోమనండి. ఆ కాగితం దరఖాస్తుకి మంచి బలం.

ఇంటి నుంచి కుదరదంటే సెంటర్‌లో రాయొచ్చు. నెల్లూరు నుంచి చెన్నైకి రైళ్ళకి కొదవలేదు. అక్కడ పెట్టే స్క్రీన్ రీడర్ ఏది, ఏ వెర్షన్ అని ముందే అడగండి. మీవాడు వేగంగా వినడానికి అలవాటుపడి ఉంటాడు, సెంటర్ మిషన్‌లో గొంతు నిదానంగా నడుస్తుంటే అదనపు సమయం అంతా అక్కడే కరిగిపోతుంది. కూర్చోగానే వేగం మార్చుకోనివ్వాలని కూడా రాయించుకోండి. ఎన్‌వీడీఏ ఉచితం కదా, నమ్మలేం అని ఎవరైనా అంటే, 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే చూపు లేని ప్రోగ్రామర్ దాన్ని మొదలుపెట్టాడని, ఆ కోడ్ ఎవరైనా తెరిచి చూసుకోవచ్చని చెప్పండి. అందులో దాచిపెట్టేదేమీ లేదు.

పోయిన ఫీజు సంగతి: రద్దు ఎందుకు చేశారో కారణం రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో చెప్పినది లెక్కలోకి రాదు. వసతి నిరాకరించినట్టు కాగితం వస్తే, ఢిల్లీలో దివ్యాంగుల చీఫ్ కమిషనర్ ఆఫీసుకి ఫిర్యాదు పంపొచ్చు. మన రాష్ట్రంలోనూ కమిషనర్ ఉన్నారు. మీవాడితోనే టైపు చేయించండి, వాడి మాటల్లోనే.

ప్రశ్న: ఒంగోలులో ఆడిటర్ గారి దగ్గర సీఏ శిక్షణ, ఆర్టికల్స్ చేస్తున్నాను. చిన్నప్పుడు దెబ్బ తగిలి ఒక కన్ను పోయింది. సర్టిఫికెట్‌లో 30 శాతం వేశారు. మూడు గంటలు రాస్తే రెండో కంట్లో నీళ్ళు కారి అక్షరాలు అలుక్కుపోతాయి. 40 శాతం లేదు కాబట్టి నాకు ఏమీ రాదంటున్నారు. నిజమేనా?

జవాబు: ఏమీ రాదన్నది నిజం కాదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ అనే అభ్యర్థి కేసులో సుప్రీంకోర్టు, 40 శాతం లేదన్న ఒక్క కారణంతో స్క్రైబ్‌ని నిరాకరించకూడదని తీర్పు చెప్పింది. ఆయన సమస్య చేతిది, రాస్తుంటే వేళ్ళు బిగుసుకుపోయేవి. ఆ తీర్పు తర్వాత 2022 ఆగస్టు 10న కేంద్రం 40 శాతం లోపు ఉన్నవాళ్ళకి వేరే మార్గదర్శకాలు ఇచ్చింది.

అయితే మీకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ మార్గదర్శకాలు రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం. ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ బోర్డు ఆ ఇబ్బంది ఉందని నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ ఇవ్వాలి. ఒక కన్ను లేదు అన్నంత మాత్రాన బోర్డు ఒప్పుకోకపోవచ్చు. కాబట్టి ముందు కంటి డాక్టర్ దగ్గర మిగిలిన కంటి పరిస్థితి వివరంగా రాయించుకోండి: ఎంతసేపు చదివితే ఏమవుతోంది, అద్దాలతో చూపు ఎంత, చుట్టూ ఎంత మేర కనబడుతోంది. విజయవాడ తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ వాళ్ళ ఆసుపత్రి ఉంది, ఒంగోలు నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. చిన్నప్పటి సర్టిఫికెట్ తర్వాత రెండో కన్ను కూడా తగ్గి ఉంటే 30 శాతమే మారుతుంది, మళ్ళీ పరీక్ష చేయించుకునే హక్కు మీకుంది. ఆ రిపోర్టుతో బోర్డు ముందుకి వెళ్ళండి. స్క్రైబ్ ఇవ్వకపోయినా అదనపు సమయం, వెలుతురు బాగా ఉన్న సీటు విడిగా అడగండి. పరీక్ష ఫారం కట్టే గడువు దాకా ఆగితే బోర్డు తేదీ దొరకదు, ఈ నెలలోనే మొదలుపెట్టండి.

ప్రశ్న: ఆంటీ, నేను సింగరాయకొండ నుంచి. డిగ్రీ సెకండియర్. మా వీధిలో ఉండే అన్నకి చూపు లేదు, ఆయనకి స్క్రైబ్‌గా వెళ్ళబోతున్నా. నాకు జవాబు తెలిసిపోతే ఎలా? చెప్పకుండా ఉండలేనేమో అని భయంగా ఉంది.

జవాబు: ఇలా ముందే భయపడే పిల్లలే ఈ పనికి కావాలి తల్లీ. చెప్పకూడదు. నీ మంచితనంతో ఆయన పరీక్ష రద్దయితే ఆయనే నష్టపోతాడు. ఆయన తన తెలివితో పాసవ్వాలని చూస్తున్నాడు, ఆ గౌరవం ఆయనకి దక్కనివ్వు.

నోటితో చెప్పకపోయినా గొంతుతో చెప్పేస్తుంటారు. సరైన ఆప్షన్ దగ్గర తెలియకుండానే కొంచెం నెమ్మదిస్తారు, లేకపోతే రెండోసారి చదువుతారు. నాలుగు ఆప్షన్లూ ఒకే వేగంతో, ఒకే గొంతుతో చదవడం ఇంట్లో సాధన చెయ్యి. పాత పేపర్ తీసుకుని ఫోన్‌లో రికార్డ్ చేసుకుని విను, నీకే తెలిసిపోతుంది. ఆయన బి అంటే "బి నొక్కాను" అని పైకి చెప్పు. ఎంత టైమ్ ఉందో అడక్కుండానే అరగంటకోసారి చెప్పు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు మాట్లాడకు.

నీ ఆధార్‌లో పేరు, ఇంటర్ మార్కుల మెమోలో పేరు ఒక్కటేనా చూసుకో. ఇంటిపేరు ఒకదాంట్లో పూర్తిగా, ఇంకోదాంట్లో ఒక్క అక్షరంగా ఉంటే గేటు దగ్గర ఆపేస్తారు. తేడా ఉంటే ఇప్పుడే ఆ అన్నకి చెప్పు, స్క్రైబ్ ఫారంలో మెమోలో ఉన్నట్టే రాయించి, తేడా గురించి సంస్థకి మెయిల్ పెట్టిస్తాడు. పరీక్షరోజు రెండింటి ఒరిజినల్స్, రెండు ఫొటోలు, నీ కాలేజీ ఐడీ కార్డు సంచిలో పెట్టుకో.